కిటికీ తెరవాలా, మూయాలా? ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నేను, మావారు, ఐదేళ్ల బాబు. ఈ 2020 ఫిబ్రవరిలో మా అత్తగారు, మామగారు విజయవాడ నుంచి వచ్చారు, కరోనా వల్ల విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయారు. అత్తగారికి ఆస్తమా. మామగారికి స్టెంట్ వేశారు, రోజూ నడవమని అక్కడి డాక్టర్ చెప్పారు. కరోనాకి కిటికీలు తెరవమన్నారు, ఇప్పుడు అడవి మంటల పొగకి మూయమంటున్నారు. మార్చిలో మాస్క్ అక్కర్లేదన్నారు, ఏప్రిల్‌లో పెట్టుకోమన్నారు, ఇప్పుడేమో ఆ గుడ్డ మాస్క్ పొగకి పనికిరాదంటున్నారు. "వాళ్ళకే తెలీదు, మనకేం చెప్తారు" అంటూ మామగారు మాస్క్ లేకుండా వాకింగ్‌కి వెళ్తున్నారు. మావారికీ ఆయనకీ రోజూ గొడవ. అత్తగారు దగ్గితే అది పొగా, ఆస్తమానా, కరోనానా తెలియక నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదు. మేం ఎవరిని నమ్మాలి?

– శాన్ హోసే నుంచి ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, ముందు కిటికీ సంగతి తేల్చేద్దాం. మీరు అడిగినవాటిలో ఒక్క మాటలో జవాబు చెప్పగలిగింది అదొక్కటే. పొగ ఉన్నంతసేపూ మూసేయండి.

కరోనాకి కిటికీలు తెరవమన్నది ఎందుకో చూడండి. బయటి మనిషి ఎవరైనా ఇంట్లోకి వచ్చి, వాళ్ళకి తెలియకుండానే ఒంట్లో వైరస్ ఉంటే, వాళ్ళు వదిలిన గాలి గదిలో నిలవ ఉండిపోకూడదని. మీరు ఐదుగురూ ఫిబ్రవరి నుంచి ఒకే ఇంట్లో ఒకే గాలి పీలుస్తున్నారు. మీలో ఎవరికీ జబ్బు లేనప్పుడు కిటికీ తెరిచినందువల్ల కరోనా విషయంలో మీకు ఒరిగేది చాలా తక్కువ, పొగ విషయంలో మాత్రం తెరిచి ఉంచిన ప్రతి నిమిషమూ నష్టమే, అందులోనూ అత్తగారికి. అంటే ఈ రెండు సలహాలకీ మీ ఇంట్లో నిజానికి పేచీ లేదు. కాకపోతే ఒక షరతు ఉంది, కిటికీలు మూసి ఉన్న రోజున బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదు. పక్కింటివాళ్ళైనా, బాబు స్నేహితుడైనా, శనివారం భోజనానికి వచ్చే ఫ్రెండ్స్ అయినా సరే. మొహమాటపడకండి, గాలి ఆడని గదిలో బయటి మనిషితో గంటసేపు కబుర్లు చెప్పుకోవడమే అన్నిటికంటే ప్రమాదం. మీవారు ఇంటి నుంచే పని చేస్తున్నారో బయటికి వెళ్తున్నారో మీరు రాయలేదు. నలుగురిలో పని చేసి వచ్చే ఉద్యోగమైతే మాత్రం ఇంట్లో కూడా ఆయన తల్లిదండ్రులకి కాస్త దూరంగా ఉండటం, దగ్గరికి వెళ్ళాల్సి వస్తే మాస్క్ పెట్టుకోవడం మంచిది.

ఇక ఎవరిని నమ్మాలి అన్నది. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మామగారు అన్న మాట ఈ ఏడాది చాలా ఇళ్ళలో వినిపిస్తోంది, దాన్ని చాదస్తం అని కొట్టిపారేయడం నాకు న్యాయం అనిపించదు.

జరిగింది వరసగా చూద్దాం. ఫిబ్రవరి 29న అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రభుత్వం తరఫున జనానికి ఆరోగ్య సలహాలు చెప్పే పెద్ద డాక్టర్, మాస్కులు కొనడం ఆపండి అన్నారు. మామూలు జనానికి అవి పని చేయవనీ, ఆస్పత్రుల్లో వాళ్ళకి దొరక్కపోతే అందరికీ ప్రమాదమనీ ఒకే ఊపులో చెప్పారు. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అనేనాటికి కూడా ఇక్కడ సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) మాట అదే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి మాస్క్ అక్కర్లేదని. ఆ తర్వాత లక్షణాలు లేనివాళ్ళ నుంచీ, లక్షణాలు ఇంకా మొదలవని వాళ్ళ నుంచీ కూడా వైరస్ అంటుకుంటోందని తేలింది. ఎవరికి ఉందో చూసి తెలుసుకోలేనప్పుడు అందరూ నోరూ ముక్కూ కప్పుకోవడమే దారి కాబట్టి ఏప్రిల్ 3న గుడ్డ మాస్క్ పెట్టుకోమన్నారు. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మాటకే వచ్చింది. ఇది కొత్త సంగతి తెలిశాక మారిన మాట. ఇలాంటి మార్పు చూసి మనం భయపడాల్సిన పని లేదు, తెలిశాక కూడా పాత మాటే పట్టుకుని కూర్చుంటే అప్పుడు భయపడాలి. కానీ "డాక్టర్ల కోసం మిగల్చండి" అనే మాటనీ "మీకు పని చేయదు" అనే మాటనీ కలిపి చెప్పడం తప్పని నేను గట్టిగా అంటాను. జనం రెండో మాటే గుర్తుపెట్టుకున్నారు, ఆ నష్టం ఇంకా పూడలేదు.

అన్ని మార్పులూ ఇలాంటివి కావు. ఆగస్టు 24న సీడీసీ, కరోనా ఉన్నవాళ్ళకి దగ్గరగా మసిలినా లక్షణాలు లేకపోతే టెస్ట్ తప్పనిసరేమీ కాదన్నట్టు రాసింది. దానికి వెనక కొత్తగా తెలిసిన సంగతి ఏదీ చూపించలేదు, వైద్యులు చాలామంది అప్పుడే తప్పుపట్టారు, సెప్టెంబరు 18న దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే రోజు, వైరస్ గాల్లో తేలే సన్నటి తుంపరల ద్వారా కూడా పాకుతుందని తమ వెబ్‌సైట్‌లో పెట్టి, 21న అది పొరపాటున పెట్టిన చిత్తుప్రతి అని తీసేశారు. మూడు రోజుల్లో ఒక మాట పెట్టి తీసేస్తే చదివేవాళ్ళకి తల తిరగదా? కాబట్టి మామగారి కోపంలో కొంత న్యాయం ఉంది. ఆ మాట ఆయనతో మీరే అనండి, మీవారి చేత కూడా అనిపించండి. "మీకేం తెలీదు నాన్నా" అని మొదలుపెట్టిన వాదన ఏ ఇంట్లోనూ మాస్క్ దాకా వెళ్ళదు, అక్కడే ఆగిపోతుంది.

అయితే "వాళ్ళు మాట మార్చారు" అన్నది నిజమైనా "కాబట్టి మాస్క్ తీసేస్తా" అన్నది దాంట్లోంచి రాదు. ఒక సలహా మారినప్పుడు నేను మొదట చూసేది, అది ఏ ప్రమాదం గురించి చెప్తోంది అని. తర్వాత, మార్చినందుకు కారణం చెప్పారా లేదా. కారణం చెప్పి, మీ కౌంటీ ఆరోగ్య శాఖ, మీరు చూపించుకునే డాక్టర్, ఊపిరితిత్తుల వైద్యులు అందరూ అదే మాట అంటుంటే పాటించండి. కారణం లేకుండా మారి, వీళ్ళందరూ కాదంటుంటే కొన్నాళ్ళు ఆగి, రెండింటిలో ఏది ఎక్కువ జాగ్రత్తో అది చేయండి. వాట్సాప్‌లో వచ్చే కషాయాల లిస్టుకి కూడా ఇదే ప్రశ్న వేయండి.

మీరు రాసిన గుడ్డ మాస్క్ సంగతినే ఇలా చూస్తే చిక్కు విడిపోతుంది. ఏప్రిల్‌లో పెట్టుకోమన్నది ముఖ్యంగా మన నోటి నుంచి వెళ్ళే తుంపరలు ఎదుటివాళ్ళ మీద పడకుండా. ఇప్పుడు పనికిరాదంటున్నది బయటి పొగ మన ఊపిరితిత్తుల్లోకి రాకుండా ఆపడానికి. పొగలో ఉండే పీఎం 2.5 అనే నలుసులు 2.5 మైక్రాన్లకంటే చిన్నవి, తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండవు. గుడ్డ సందుల్లోంచీ, చెంపల పక్క ఖాళీల్లోంచీ దూరిపోతాయి. ఆ మాస్క్ కరోనాకి అప్పుడూ పనికొచ్చింది, ఇప్పుడూ పనికొస్తుంది. పొగకి ఎప్పుడూ పనికి రాలేదు. ఇందులో ఎవరూ మాట మార్చలేదు, రెండు వేరే ప్రశ్నలకి రెండు జవాబులు ఒకే ఏడాదిలో చెవిన పడ్డాయి, అంతే.

కరోనాకి లేని సౌకర్యం పొగకి ఒకటి ఉంది. దాన్ని కొలవచ్చు. షాపులో పక్కన నిలబడ్డ మనిషిలో వైరస్ ఉందో లేదో చూసి చెప్పలేం, కానీ మీ వీధిలో గాలి ఈ గంటలో ఎలా ఉందో ఫోన్‌లో చూడొచ్చు. గాలి ఎలా ఉందో చూపించే ప్రభుత్వ వెబ్‌సైట్ ఎయిర్‌నౌ వాళ్ళు అడవి మంటల పొగ కోసమే ఈ ఆగస్టులో ఒక మ్యాప్ పెట్టారు, అది చూడండి. ఇళ్ళ దగ్గర పెట్టిన సెన్సర్ల అంకెలు చూపించే పర్పుల్ ఎయిర్ చూసేవాళ్ళైతే అందులో కట్టెల పొగకి తగ్గట్టు అంకెని సరిచేసే ఎంపిక ఉంటుంది, అది పెట్టుకోండి, లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. గాలి ఎంత చెడ్డగా ఉందో చెప్పే అంకె ఏక్యూఐ. అది 50 లోపు ఉంటే బాగున్నట్టు. 100 దాకా పరవాలేదు. 101 నుంచి 150 మధ్య ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ పెద్దవాళ్ళకీ పిల్లలకీ గర్భిణులకీ మంచిది కాదు, మీ ఇంట్లో ముగ్గురు ఈ లెక్కలోకి వస్తారు. 151 దాటితే అందరికీ చెడ్డదే. 200 పైన చాలా చెడ్డది, 300 దాటితే ఇక తలుపు తీయకూడదు.

ఆకాశం రంగు చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండి. సెప్టెంబరు 9 మీకూ గుర్తుండే ఉంటుంది, పగలంతా మన బే ఏరియా, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలంతా, నారింజ రంగు చీకట్లో ఉండిపోయింది, అందరూ హడలిపోయాం. నిజానికి ఆ రోజు పొగ చాలావరకు పైన ఉండిపోయింది, కింద మనం పీల్చే గాలి ఆ తర్వాతి రోజులకంటే నయం. రంగు మామూలుకి వచ్చాక, జనం కాస్త ఊపిరి పీల్చుకున్నాక, పొగ కిందికి దిగి అంకెలు పెరిగాయి. ఆగస్టు మధ్యలో పిడుగులు పడి మంటలు మొదలైనప్పటి నుంచి ఇక్కడ ఆగస్టు 18 నుంచి సెప్టెంబరు 16 దాకా వరసగా 30 రోజులు స్పేర్ ది ఎయిర్ అనే గాలి కాలుష్య హెచ్చరికలు నడిచాయి, కానీ ఆ 30 రోజుల్లోనూ మంచి గాలి ఉన్న గంటలు వచ్చాయి. ఇప్పుడు సెప్టెంబరు చివర్లో నాపా వైపు మళ్ళీ అంటుకుంది కాబట్టి ఇదంతా ఇంకొన్నాళ్ళు తప్పదు. ఆ మంచి గంటలు పట్టుకోవడమే మీరు చేయాల్సింది. అంకె 50కి దగ్గరగా దిగగానే కిటికీలన్నీ తీసి ఇంట్లో మగ్గిన గాలిని వదిలించుకోండి, పెరగ్గానే మూసేయండి.

ఈ పని మామగారికి అప్పగించండి. ఇది ఆయన్ని బుజ్జగించడానికి చెప్తున్న ఉపాయం కాదు, మీ ఇంట్లో నిజంగా ఒక మనిషి చూసుకోవాల్సిన పని ఇది. వేరే దేశంలో, తనది కాని ఇంట్లో, ఏడు నెలలుగా తిరుగు ప్రయాణం ఎప్పుడో తెలియకుండా కూర్చున్న పెద్దాయనకి, రోజూ ఎవరో ఒకరు అది చేయకు ఇది చేయకు అని చెప్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. వాకింగ్ ఒక్కటే ఆయన చేతిలో మిగిలింది, అందుకే దాని జోలికి వస్తే ఊరుకోవట్లేదని నాకు అనిపిస్తోంది. అంకె చూసి కిటికీలు ఎప్పుడు తీయాలో, బాబు ఎప్పుడు బయట ఆడుకోవచ్చో ఆయన్నే చెప్పమనండి. తన నడక కూడా అదే అంకెతో: 100 లోపు ఉంటే వెళ్ళొచ్చు, 50 దాటి ఉంటే మామూలుకంటే తక్కువ దూరం, నెమ్మదిగా. 100 దాటితే ఇంట్లోనే హాల్లో నడవాలి. సన్నటి పొగ నలుసులు ఊపిరితిత్తుల దగ్గర ఆగవు, గుండె మీద కూడా భారం వేస్తాయి, స్టెంట్ ఉన్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు. నడవమన్న డాక్టర్‌కి ఫోన్ చేసి, ఇలాంటి గాలిలో కూడా నడవమంటారా అని ఆయన చేతే అడిగించండి. మీ మాటకంటే ఆ డాక్టర్ మాట బాగా పని చేస్తుంది. మంచి గాలిలో వెళ్ళినా గుడ్డ మాస్క్ ఉండాలి, అది ఎదురుపడే మనుషుల కోసం.

ఎన్95 పొగకి పని చేస్తుంది, కానీ ఈ ఏడాది అవి ఆస్పత్రులకే సరిపోలేదు. 2018 నవంబరులో క్యాంప్ ఫైర్ అనే అడవి మంట పొగ వచ్చినప్పుడు చాలామంది కొని దాచుకున్నారు, మీ ఇంట్లో ఏ సొరుగులోనైనా ఉన్నాయేమో చూడండి. రబ్బరు సాగిపోకుండా ఉండి, ముఖానికి చుట్టూ అతుక్కుంటేనే దానివల్ల ఉపయోగం. గడ్డం ఉంటే అతుక్కోదు. ముందు వాల్వ్ ఉన్న రకం అయితే పొగ నుంచి మిమ్మల్ని కాపాడుతుంది గానీ మీరు వదిలే గాలి వడకట్టకుండా బయటికి పోతుంది, అందుకే ఈ ఏడాది కరోనాకి అది వద్దన్నారు. అదొక్కటే ఉంటే పైన మామూలు మాస్క్ ఒకటి పెట్టుకోండి. అత్తగారికీ మామగారికీ ఎన్95 పెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి, దాంట్లోంచి గాలి పీల్చడం వాళ్ళకి కష్టం కావచ్చు. బాబు సైజుకి ఎన్95 ఉండదు, వాడికి మందు ఇంట్లో ఉండటమే.

ఇంట్లో ఉంటే చాలదు, ఇంట్లో గాలి బాగుండాలి. ఇల్లంతా శుభ్రం చేయడం మీ వల్ల కాదు కాబట్టి ఒక బెడ్‌రూమ్ ఎంచుకోండి, అది అత్తగారు పడుకునే గది అయితే మంచిది, పొగ బాగా ఉన్న రాత్రి ఐదుగురూ అందులోనే సర్దుకున్నా తప్పులేదు. కిటికీ సందుల్లో, తలుపు కింద తడి తువ్వాళ్ళు పెట్టండి. చాలా సన్న నలుసుల్ని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొనగలిగితే, అది నిమిషానికి ఎంత గాలి శుభ్రం చేస్తుందో చెప్పే సీఏడీఆర్ అనే అంకె డబ్బాపై చూడండి, పొగకి ఇచ్చిన అంకె గది చదరపు అడుగుల్లో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి, ఇప్పుడున్న పొగకి గదితో సమానంగా ఉంటే ఇంకా మంచిది. ఓజోన్ వదిలే యంత్రాలు అసలు వద్దు, ఆస్తమాకి అవి విషం లాంటివి. ఈ ఏడాది ప్యూరిఫయర్లు దొరక్క చాలామంది చేసింది ఇంకోటి ఉంది: 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్ వెనక సన్న నలుసుల్ని కూడా పట్టే 20 అంగుళాల మెర్వ్ 13 రకం ఫిల్టర్ పెట్టి చుట్టూ టేప్ వేయడం, ఫిల్టర్ మీది బాణం ఫ్యాన్ వైపు ఉండేలా. 2012 తర్వాత తయారైన ఫ్యాన్ వాడండి, నిద్రపోయేటప్పుడు ఆపేయండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నడవనివ్వకండి. ఈ ఫిల్టర్లు వైరస్ ఉన్న తుంపరల్ని కూడా కొంత పట్టుకుంటాయి. వాటి మీదే ఆధారపడకూడదు గానీ, ఒకే వస్తువు మీ రెండు భయాలకీ పనికొస్తోంది.

ఇంకో సంగతి, చాలామంది తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరూ పట్టించుకోనిది. కిటికీలన్నీ మూసిన ఇంట్లో ఎండుమిర్చి పోపు, అప్పడాలు వేయించడం, అగరుబత్తి, సాంబ్రాణి, ఇవన్నీ పొగే. బయటి పొగ రాకుండా అంత కష్టపడి లోపల మనమే తయారు చేసుకున్నట్టు అవుతుంది. అత్తగారు రోజూ పూజ చేసుకుంటారనుకుంటాను, అగరుబత్తి లేకుండా పువ్వులతో చేసుకోమని మెల్లగా అడగండి, ఆవిడ ఊపిరి కోసమే అని చెప్పండి. వంట ఉడకబెట్టినవే ఎక్కువ. వాక్యూమ్ చేయకండి, కింద పడ్డ నలుసుల్ని మళ్ళీ గాల్లోకి లేపుతుంది, తడి గుడ్డతో తుడవండి. ఏసీ ఉంటే బయటి గాలి లాగకుండా పెట్టుకోండి. ఏసీ లేక, మూసిన ఇల్లు కొలిమిలా కాలుతుంటే మాత్రం పెద్దవాళ్ళకి ఆ వేడే ముందు ప్రమాదం. అప్పుడు కౌంటీ వాళ్ళ కూలింగ్ సెంటర్ తెరిచి ఉందేమో కనుక్కోండి, లేదా ఏసీ ఉన్న దగ్గరివాళ్ళ ఇంట్లో అందరూ మాస్కులతో కొన్ని గంటలు ఉండి రండి.

దగ్గు గురించి. పొగకీ కరోనాకీ పొడిదగ్గు, గొంతు నొప్పి, ఆయాసం మూడూ ఉంటాయి, అందుకే మీకు తేలట్లేదు. కానీ పొగ వల్ల జ్వరం రాదు. చలి, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, వాసన తెలియకపోవడం కూడా పొగ వల్ల వచ్చేవి కావు. వీటిలో ఏది కనిపించినా, లేదా గాలి బాగుపడ్డాక కూడా దగ్గు తగ్గకపోయినా టెస్ట్ చేయించండి. జవాబు వచ్చేదాకా ఆ మనిషిని ఒక గదిలో విడిగా ఉంచండి, ఆ గదిలోనే ప్యూరిఫయర్ పెట్టండి. ఉదయం, సాయంత్రం టెంపరేచర్ చూసి ఒక కాగితం మీద రాసి, పక్కనే ఆ పూట ఏక్యూఐ ఎంతో రాయండి. నాలుగు రోజులు రాస్తే దగ్గు పొగతో పాటు పెరుగుతోందా, దానికి సంబంధం లేకుండా పెరుగుతోందా అన్నది మీకే కనబడుతుంది, డాక్టర్‌కి కూడా ఆ కాగితం చాలా ఉపయోగం. అర్ధరాత్రి దగ్గు వినబడినప్పుడు మీరు లేచి వెతకాల్సింది గూగుల్‌లో కాదు, థర్మామీటర్ చూస్తే చాలు.

అత్తగారి మందులు ఎన్ని రోజులకి ఉన్నాయో ఈ రోజే లెక్కపెట్టండి. ఇండియా నుంచి తెచ్చుకున్నవి ఈపాటికి అయిపోవచ్చి ఉంటాయి. అక్కడ సాల్బుటమాల్ అని, ఆస్థలిన్ పేరుతో దొరికే ఇన్‌హేలర్‌ని ఇక్కడ ఆల్బ్యుటరాల్ అంటారు, ప్రిస్క్రిప్షన్ కావాలి, వీడియో కాల్‌లో డాక్టర్‌ని చూసి కూడా రాయించుకోవచ్చు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బుకి ఇవ్వకపోవచ్చు, అది చూసుకుని కమ్యూనిటీ క్లినిక్‌లో అడగండి. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉంటే కరోనా భయంతో ఆపనివ్వకండి, ఆస్తమా అదుపులో ఉండటమే ఆవిడకి రక్షణ. నెబ్యులైజర్ వాడుతుంటే ఆ సమయంలో మిగతావాళ్ళు గదిలో ఉండకపోవడం మంచిది.

ఇన్‌హేలర్ పీల్చినా ఆయాసం తగ్గకపోయినా, మాట పూర్తి చేయలేకపోతున్నా, ఛాతీలో నొప్పి లేదా బరువు వదలకపోయినా, పెదాలు నీలంగా మారినా, మనిషి మత్తుగా అయోమయంగా ఉన్నా 911కి ఫోన్ చేయండి. కరోనా వార్డులో పడేస్తారేమో, బిల్లు ఎంతవుతుందో అని ఆ నిమిషంలో ఆలోచించకండి. మీరు, మీవారు ఇంట్లో లేనప్పుడు మామగారే ఫోన్ చేయాల్సి రావచ్చు కాబట్టి అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబర్, ఇద్దరి జబ్బులు, మందుల పేర్లు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, పక్కనే తెలుగులో కూడా రాయండి, ఒకసారి ఆయన చేత పైకి చదివించండి.